నెల్లూరు చరిత్ర తెలుసుకోవాలంటే వీధుల్లో నడవాలా, పుస్తకాల దగ్గర కూర్చోవాలా?

ప్రతి సంక్రాంతికీ ఈ ప్రశ్న నాకు ఎదురవుతుంది. చెన్నై నుంచో హైదరాబాదు నుంచో పండక్కి వచ్చిన బంధువులు అడుగుతారు. ట్రాన్స్‌ఫర్ మీద ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు ఉద్యోగులు అడుగుతారు. "ఈ ఊరి చరిత్ర తెలుసుకోవాలని ఉందండీ. ఆదివారం పొద్దున నడకలకు రమ్మంటారా, పుస్తకాల మీద మాట్లాడుకునే చోటికి రమ్మంటారా? రెండింటికీ తీరిక లేదు."

ఆరేళ్లుగా నేను రెండింటికీ వెళ్తున్నాను. రెండూ మంచివే అని చెప్పి తప్పించుకోవచ్చు గానీ, అడిగినవాళ్లకు దానివల్ల ఉపయోగం లేదు. నెల్లూరు విషయంలో ఈ రెండూ ఒకే పని చెయ్యవు. ఏది దేనికి పనికొస్తుందో తెలియక మొదలుపెట్టి, రెండు వారాలకే మానేసిన వాళ్లను చాలామందిని చూశాను.

## ముందు ఈ నాలుగూ తేల్చుకోండి

మీకు ఏ కాలం కావాలి? అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, ఎవరూ అడగనిదీ ఇదే. హంపి వెళ్తే రాయలవారి కాలం రాళ్ల రూపంలో కళ్లెదుట ఉంటుంది. నెల్లూరులో అలా కుదరదు. పదమూడో శతాబ్దంలో మనుమసిద్ధి ఇక్కడి నుంచే పాలించాడు. ఆయన మంత్రి తిక్కన విరాటపర్వం మొదలుకొని పదిహేను పర్వాల భారతం తెలుగు చేశాడు. విక్రమసింహపురి అని అంత పేరున్న ఊరు కదా, ఆ కొలువు ఎక్కడుండేదో చూపించమంటే వేలు పెట్టి చూపించడానికి ఒక గోడ కూడా లేదు. కోటమిట్టలో మిట్ట ఉంది, కోట లేదు. 1757లో ఇంగ్లీషు కంపెనీ సైన్యం ఈ కోట మీదికి వచ్చి, పట్టలేక వెనుదిరిగింది. కానీ గోడలు చాలావరకు మట్టివి. మట్టి గోడ ఎన్ని వానాకాలాలు ఆగుతుంది?

కాబట్టి నా లెక్క ఇది. తిక్కన కాలం కావాలంటే పుస్తకమే దారి. గత రెండు వందల ఏళ్లు కావాలంటే, అంటే కాలువలు, పేటలు, గాంధీ, పొట్టి శ్రీరాములు, వీటికి కాళ్లే దారి.

విన్నది నిజమో కాదో ఎలా చూసుకుంటారు? గుడి ముందు నిలబడి ఎవరైనా ఒక కథ చెబితే నమ్మబుద్ధేస్తుంది. చోటుకు ఆ బలం ఉంది. అదే కథ కాగితం మీద చదివితే ఎక్కడిది, ఎవరు రాశారు అని అడగబుద్ధేస్తుంది.

ఎండ, మోకాళ్లు. మార్చి దాటితే నెల్లూరులో ఏడున్నరకే నెత్తి మాడుతుంది. రోహిణీ కార్తెలో నడక పెట్టుకోవడం దండగ. అక్టోబరు, నవంబరుల్లో తుపాన్లు. నిశ్చింతగా నడవగలిగేది డిసెంబరు మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా. పుస్తకానికి కార్తెలతో పనిలేదు.

చివరికి మీ దగ్గర ఏం మిగలాలి? కొందరికి ఊరి మీద ప్రేమ చాలు. కొందరికి పిల్లలకు చెప్పడానికి నాలుగు కథలు కావాలి. కొందరికి తేదీతో సహా పక్కాగా తెలియాలి. ముగ్గురూ ఒకే చోటికి వస్తే ఇద్దరు నిరాశపడతారు.

## గుంపుతో పొద్దున నడక

మేము సాధారణంగా ఆరు గంటలకు రంగనాయకుల గుడి దగ్గర కలుస్తాం. సుమారు 70 అడుగుల గాలిగోపురం కింద చెప్పులు విడిచి నిలబడితే నిజంగానే గాలి తగులుతుంది. అక్కడి నుంచి పెన్న రేవులోకి. నదిని ఒడ్డున నిలబడి చూసి వెనక్కి తిరిగేవాళ్లే ఎక్కువ. మెట్లు దిగి ఒక పది నిమిషాలు కూర్చోండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే ఉంటుంది, మధ్యలో సన్నటి నీటిపాయలు. 2021 నవంబరులో ఇదే పెన్న ఒడ్డు కాలనీల్లోకి వచ్చేసింది. ఆ రోజు మేడ మీద నిలబడి నీళ్లు చూసినవాళ్లు గుంపులో ఒకరిద్దరు ఎప్పుడూ ఉంటారు. వాళ్ల నోట వినడం కూడా చరిత్ర వినడమే.

ఒక జనవరిలో రేవు మెట్ల మీద బట్టలు పిండుకుంటున్న పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఏం నాయనా, పొద్దున్నే ఇంతమంది ఏం చూస్తా ఉండారు?" అంది. పాత నెల్లూరు చూస్తున్నాం అన్నాం. "పాత నెల్లూరంటే నేనే" అంది. తర్వాత అరగంటసేపు ఆవిడే చెప్పింది, మేము విన్నాం. తన చిన్నతనంలో నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చేవో చేత్తో తడిమి చూపించింది. ఇలాంటిది ఏ పుస్తకంలోనూ దొరకదు.

అక్కడి నుంచి కోటమిట్ట మీదుగా మూలాపేట. మూలస్థానేశ్వరుడి గుడి వల్లనే ఆ పేటకు ఆ పేరు. నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు కింద లింగం దొరికిందనీ, అందుకే ఊరికి నెల్లూరు అని పేరు వచ్చిందనీ స్థలపురాణం. వరికి తమిళంలో నెల్లు అంటారు కాబట్టి వరి పండే ఊరు నెల్లూరు అయిందని ఇంకొందరు అంటారు. మొలగొలుకుల బియ్యం పండిన గడ్డ మీద నిలబడి వింటే రెండోది కూడా తీసిపారెయ్యలేం. ఈ వాదన నడకలో ఎప్పుడూ తెగదు. తెగకపోవడమే బాగుంటుంది.

నాకు అన్నిటికంటే ముఖ్యమైన మజిలీ మూలాపేట వేణుగోపాలస్వామి గుడి. 1946లో ఈ గుడిలోకి దళితులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు నిరాహార దీక్ష చేశారు. ఆయన పేరు చెప్పగానే అందరికీ 1952, మద్రాసు, ఆంధ్ర రాష్ట్రం గుర్తొస్తాయి. జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. కానీ అంతకు ఆరేళ్ల ముందే మన ఊళ్లో, మనం రోజూ దాటిపోయే ఈ వాకిలి కోసం ఆయన అన్నం మానేశారని ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లకే తెలియదు. గడప ముందు నిలబడి ఆ మాట చెప్పినప్పుడు గుంపు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతుంది. ఇదే మాట హాల్లో కూర్చుని చెబితే తలలు ఊపుతారు, అంతే.

పేర్లు కూడా నడిస్తేనే పలుకుతాయి. నవాబుపేట, ఫతేఖాన్‌పేట, దర్గామిట్ట అనే పేర్లు ఆర్కాటు నవాబుల నాటి వాసనతో ఉన్నవి. 1801లో కర్ణాటక రాజ్యంతో పాటు నెల్లూరూ కంపెనీ చేతికి పోయింది. స్టోన్‌హౌస్‌పేట అంటే రాతి ఇల్లు ఏదో ఉండేదని చాలామంది అనుకుంటారు. అది స్టోన్‌హౌస్ అనే కలెక్టరు పేరు.

లోటు ఏమిటంటే, నడకలో చెప్పేవాళ్లు ఎలాంటివాళ్లైతే నడక అలాంటిది. మొదట్లో నేను వెళ్లిన ఒక నడకలో, గుడి గోడలో ఉన్న ఒక శాసనం రాయిని చూపించి ఇది తిక్కన సోమయాజి వేయించింది అని చెప్పారు. అందరం ఫొటోలు తీసుకున్నాం. నేను ఇంటికి వచ్చి మా అన్నయ్యకు ఫోన్ చేసి గొప్పగా చెప్పాను కూడా. తర్వాత అచ్చయిన పాఠం చూస్తే ఆ శాసనం తిక్కన తర్వాత రెండు వందల ఏళ్లకు, గుడికి భూమి ఇచ్చిన సందర్భంలో వేసినది. చెప్పినాయన కావాలని అబద్ధం చెప్పలేదు, ఆయనకూ ఎవరో చెప్పారు. కానీ ఆ ముప్పైమందిలో ఎంతమంది ఇప్పటికీ ఆ మాటే చెబుతున్నారో!

## పుస్తక చర్చ

నెలకోసారి, ఒక సాయంత్రం, పది పదిహేను మంది. పురమందిరం పక్కనో, జిల్లా గ్రంథాలయంలోనో, ఎవరి ఇంటి వసారాలోనో. చాయ్, రెండు గంటలు.

నెల్లూరు జిల్లాకు ఈ విషయంలో అదృష్టం ఉంది. జిల్లా మీద బాస్వెల్ అనే దొర రాసిన మాన్యువల్ 1873 నాటిది. 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి జిల్లాలోని రాగిరేకులు, శిలాశాసనాలు మూడు సంపుటాలుగా అచ్చువేశారు. ఊరూరూ తిరిగి, గుడి గుడి చూసి తయారుచేసిన పని అది. మీ సొంత ఊరి పేరు వెతికి చూడండి, శాసనం ఉండడానికి చాలా అవకాశం ఉంది. స్కాన్ చేసినవి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లీషు వివరణలతో ఉన్నా శాసన పాఠం చాలాచోట్ల తెలుగే.

చర్చకు పనికొచ్చే చిన్న చిట్కా: శాసనంలో శకవర్షం అని ఉంటే దానికి 78 కలపండి, మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. కాకతీయ రాజు గణపతిదేవుడి మోటుపల్లి శాసనం శకవర్షం 1166, అంటే 1244 ప్రాంతం. ఈ ఒక్క లెక్క నేర్చుకుంటే పాత రాయి మిమ్మల్ని భయపెట్టదు.

తిక్కనను చూడాలంటే కేతన చూపించినట్టు ఇంకెవరూ చూపించరు. కేతన తన దశకుమారచరిత్రాన్ని తిక్కనకే అంకితం ఇచ్చాడు. అందులో ఆయన వంశాన్ని, ఇంటిని, గుణాన్ని వర్ణిస్తాడు. బతికున్న కవిని ఎదురుగా పెట్టుకుని రాసిన పద్యాలు అవి. వీధిలో ఎంత నడిచినా ఈ దగ్గరితనం రాదు.

ఇక ఖడ్గ తిక్కన సంగతి ఎత్తితే ఏ చర్చా రెండు గంటల్లో ముగియదు. కవి తిక్కనకు అన్నదమ్ముల వరస. పుల్లరి, అంటే పశువుల మేతకు కట్టే పన్ను, దాని తగువులో ఆలమందల దొర కాటమరాజుతో జరిగిన యుద్ధంలో వెన్నిచ్చి ఇంటికి వస్తే, భార్య స్నానానికి నీళ్లు తోడి, మంచం అడ్డుపెట్టి, పసుపు ముద్ద పెట్టిందట, ఆడవాళ్లకు పెట్టినట్టు. తల్లి విరిగిన పాలు వడ్డించిందట. ఆయన మళ్లీ యుద్ధానికి పోయి ప్రాణం ఇచ్చాడు. ఈ కథను చాటుపద్యాలు ఒకలా, గొల్లసుద్దులు ఇంకోలా చెబుతాయి. ఒకసారి మా చర్చలో ఒక అమ్మాయి లేచి, "మంచం అడ్డుపెట్టిన ఆమె ఆ రాత్రి ఏమనుకుని ఉంటుంది?" అని అడిగింది. అప్పటిదాకా తేదీల మీద కొట్టుకుంటున్న పెద్దవాళ్లంతా ఆగిపోయారు. తర్వాతి గంటంతా ఆ ప్రశ్న మీదే నడిచింది. పుస్తక చర్చ బాగా జరిగితే ఇలా ఉంటుంది.

బాగా జరగకపోతే? ఇద్దరు మాట్లాడతారు, పదిమంది ఫోన్లు చూసుకుంటారు. పుస్తకం చదవకుండా వచ్చినవాళ్లకు తప్పు చేసినట్టు టెన్షన్. ఆ టెన్షన్‌తో రెండో నెల రారు. అందుకే నా సలహా: మొత్తం పుస్తకం పెట్టవద్దు. పది పేజీలు పెట్టండి, అక్కడే ఎవరైనా పైకి చదవండి.

## ఒంటరి నడక, దూరపు యాత్ర

ఒంటరిగా తిరగడం గురించి ఎక్కువ చెప్పను. ఇప్పటికే ఊరు కొంత తెలిసినవాళ్లకు అంతకు మించింది లేదు. కొత్తవాళ్లకు మాత్రం గుడి, బజారు, గుడి, బజారు అని అయిపోతుంది.

బండి కట్టుకుని రోజంతా తిరిగే యాత్ర వేరు. ఉదయగిరి నెల్లూరు నుంచి వంద కిలోమీటర్ల దగ్గర దగ్గర. గజపతుల చేతిలో ఉన్న ఆ దుర్గాన్ని దాదాపు ఏడాదిన్నర ముట్టడి తర్వాత 1514లో కృష్ణదేవరాయలు పట్టాడు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి దానికోసమే గుడి కట్టించాడు. హంపిలో కృష్ణాలయం చూసి మురిసిపోయే మనవాళ్లలో ఆ దేవుడు మన ఉదయగిరివాడని తెలిసినవాళ్లు ఎందరు? కొండ ఎక్కగలిగితే తెల్లవారేసరికి అక్కడుండాలి, నీళ్లు మనిషికి మూడు లీటర్లు. దిగాక ఊళ్లో చెక్క గరిటెలు చేసేవాళ్ల దగ్గర కాసేపు కూర్చోండి.

అంత దూరం వద్దనుకుంటే పల్లిపాడు. పెన్న ఒడ్డున, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ స్వయంగా వచ్చి ప్రారంభించిన పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమం. సగం పూట చాలు. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఇంతకన్నా మంచి చోటు దగ్గరలో లేదు.

| | గుంపు నడక | పుస్తక చర్చ | ఒంటరి నడక | దూరపు యాత్ర |
|---|---|---|---|---|
| ఏ కాలానికి | గత 200 ఏళ్లు | శాసనాలు, తిక్కన కాలం | ముందే చదివినదానికి | రాయల కాలం, స్వాతంత్ర్య పోరాటం |
| సమయం | మూడు గంటలు, ఆదివారం | నెలకు రెండు గంటలు, చదవడానికి ఇంకో రెండు | మీ ఇష్టం | రోజంతా |
| ఖర్చు | ఆటో, టిఫిను | దాదాపు ఏమీ లేదు | ఏమీ లేదు | కారు, డీజిలు, భోజనాలు |
| కాలం | డిసెంబరు–ఫిబ్రవరి | ఏడాదంతా | పొద్దున్నే | చలికాలం |
| ముఖ్యమైన లోటు | తప్పు కథలు | మాట్లాడేది ఇద్దరే | అడగడానికి ఎవరూ ఉండరు | ఒళ్లు అలుపు |

## మీరు ఎవరైతే ఏది

ఊరికి కొత్తగా వచ్చారా? కళ్లు మూసుకుని నడక ఎంచుకోండి. మూడు గంటల్లో ఊరి దిక్కులు తెలుస్తాయి, నలుగురు మనుషులు పరిచయమవుతారు, చివర్లో కారం దోశ ఎక్కడ తినాలో కూడా తెలుస్తుంది.

రిటైరయ్యారా, మోకాళ్లు సహకరించవా? పుస్తక చర్చ మీది. మీరు వినడానికి మాత్రమే రావద్దు, మీ ఉద్యోగ జీవితంలో చూసిన నెల్లూరు గురించి చెప్పడానికి రండి. సర్వేపల్లి కాలువ, జాఫర్ సాహెబ్ కాలువ ఒకప్పుడు ఎలా పారేవో చెప్పగలిగినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. 1850లలో పెన్న మీద కట్టిన ఆనకట్ట స్థానంలో 2022లో కొత్త బ్యారేజీ వచ్చింది. పాతదాని మీదుగా సైకిల్ తొక్కినవాళ్లు ఆ మాట ఎక్కడైనా రాసిపెట్టాలి.

పదేళ్లలోపు పిల్లలున్నారా? రెండూ వద్దు, పల్లిపాడు వెళ్లండి. లేదంటే మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు తీసుకెళ్లండి. నడుము లోతు నీళ్లలో నిలబడి ఒకరికొకరు కోరికల రొట్టెలు మార్చుకునే రొట్టెల పండుగ చూసిన పిల్ల, ఊరు అంటే ఏమిటో జీవితాంతం మరిచిపోదు. రద్దీ మాత్రం విపరీతం, చెయ్యి వదలొద్దు.

ఆడవాళ్లు ఒక్కరే రావాలనుకుంటే గుంపు నడకే మేలు. ఇద్దరు ముగ్గురు స్నేహితురాళ్లు కలిసి వస్తే ఇంకా మంచిది. రేవు వైపు తెల్లవారకముందు ఒంటరిగా వెళ్లమని నేను చెప్పను.

పరిశోధన చేయాలనుందా? నేరుగా 1905 సంపుటాలు తెరవండి. రాయి చూడటానికి తర్వాత వెళ్లవచ్చు. వెళ్లినప్పుడు మాత్రం అక్షరాలు కనపడాలని సుద్దముక్క, పిండి రుద్దకండి, రాయి పాడైపోతుంది. పక్కనుంచి టార్చి లైటు ఏటవాలుగా కొడితే గంటు గంటూ లేచి కనపడుతుంది. మొదటిసారి ఒక పల్లె గుడిలో అలా చూసినప్పుడు, ఎన్నో పూతల సున్నం కింద నుంచి "స్వస్తిశ్రీ" అనే అక్షరాలు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి. పూజారిగారు నలభై ఏళ్లుగా ఆ స్తంభానికి ఆనుకుని కూర్చుంటున్నారట. ఆయన లేచి వచ్చి ఆ అక్షరాల మీద వేలు పెట్టి నాతోపాటు చదివారు.

## ఒంగోలు వైపు వాళ్లకు

మీకు నా సలహా తిరగబడుతుంది. ఒంగోలులో పాత వీధుల నడక కన్నా పుస్తకమే ముందు. కారణం, ఒంగోలు మనుషులు తమ జీవితాలు తామే రాసుకున్నారు. వినోదరాయునిపాలెంలో 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం తన ఆత్మకథ రాశారు. ఆయనకు చాలా ముందే ఒంగోలువాడైన వెన్నెలకంటి సుబ్బారావు, 1784లో పుట్టినవాడు, ఇంగ్లీషులో తన జీవితం రాసిపెట్టాడు. అది అచ్చయింది 1873లో, అంటే నెల్లూరు మాన్యువల్ వచ్చిన ఏడే. ఈ రెండూ పక్కపక్కన పెట్టి, దొర చూసిన జిల్లా ఏమిటి, మనవాడు బతికిన జిల్లా ఏమిటి అని ఒక సాయంత్రం మాట్లాడుకోండి. తర్వాత బకింగ్‌హామ్ కాలువ గట్టు మీదికి నడవండి. 1876–78 ధాత కరువులో ఈ కాలువలో కొంత భాగాన్ని కరువు పని కింద తవ్వించారు. ఆకలికి తట్టబుట్టలు మోసినవాళ్లు తవ్విన కాలువ అని తెలిసి చూస్తే, నీళ్లు వేరుగా కనపడతాయి.

## ఒక్కటే ఎంచుకోమంటే

పేజీతో నడక. మూడేళ్లుగా మేము చేస్తున్నది ఇదే, ఇప్పటిదాకా ఎవరూ మధ్యలో మానలేదు. పద్ధతి తేలిక. ఒక చోటు, ఒక పేజీ. నడకకు వారం ముందు ఆ పేజీ ఫొటో వాట్సాప్‌లో పెడతాం. చదివినా సరే, చదవకపోయినా సరే. ఆ చోటుకు చేరాక ఎవరో ఒకరు పైకి చదువుతారు. చదివాక ఐదు నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, చుట్టూ చూడాలి. ఆ తర్వాతే ప్రశ్నలు. కథ చెప్పేవాళ్లు ఎక్కడ విన్నారో చెప్పాలి. "మా అమ్మమ్మ చెప్పింది" అన్నా చాలు, అదీ ఒక ఆధారమే, కానీ అమ్మమ్మ అని చెప్పాలి.

గుంపు పదిహేను దాటనివ్వం. దాటితే వెనకవాళ్లకు వినపడదు, వీధిలో స్కూటర్లకు అడ్డం. గుళ్లో గర్భగుడి వైపు ఫొటోలు తియ్యం. ఎనిమిదిన్నరకు ఎక్కడున్నా ఆపేసి టిఫినుకు పోతాం.

మొదటిసారికి నేనైతే మూలాపేట వేణుగోపాలస్వామి గుడి పెడతాను. 1946 దీక్ష గురించి మీ దగ్గర దొరికిన ఒక్క పేజీ చాలు. జనవరిలో ఒక ఆదివారం, ఆరున్నరకు, ఇంకా పూలమ్మేవాళ్లు బుట్టలు దించుతుండగానే చేరండి. గుడి బయట, వాకిలి కనపడేలా నిలబడి చదవండి.